పొలంలో పోటీ, పొయ్యి మీద పొత్తు

కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతకు 2, 3 రోజుల ముందు, ఇంకా తడి ఆరని చేలో నిలబడి ఉన్న పైరు మీదుగా మినుములు చల్లే పద్ధతి దశాబ్దాల తరబడి సాగింది. దుక్కి లేదు, ఎరువు దాదాపు లేదు, కాలువ నీటి కోసం ఎదురుచూపు లేదు. వరి వదిలిపెట్టిన తేమతోనూ శీతకాలపు మంచుతోనూ 75, 80 రోజుల్లో చేతికొచ్చే ఆ పైరును వ్యవసాయ పుస్తకాలు వరి మాగాణి మినుము అంటాయి. గుడివాడ, మచిలీపట్నం పరిసరాల్లోనూ, పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయల నడుమ ఉన్న దివిసీమలోనూ ఇడ్లీకి, గారెలకు, సున్నుండలకు పప్పు బజారులో కొనవలసిన అవసరం చాలా రైతు కుటుంబాలకు రాకపోవడానికి ఈ రెండో పైరే కారణం.

ఆ పైరుకు కష్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు ఆకులను పసుపు పచ్చగా మార్చి కాపును తినేసింది. వేరు లేకుండా మొక్కను చుట్టుకొని దాని రసం మీదే బతికే బంగారు తీగ అనే కలుపు చేలను కమ్మేసింది. వరికోతకు యంత్రాలు దిగాక, అప్పుడే మొలిచిన మినుము వాటి బరువు కింద నలిగిపోయింది. దిగుబడి ఒక ఏడు ఉండి మరో ఏడు పోయే పంటను పట్టుకొని వేలాడడం ఇష్టం లేని రైతులు, గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మాగాణుల్లో, గత పాతికేళ్లలో మొక్కజొన్న వైపు తిరిగారు. వరి దుబ్బులను దున్నకుండానే, తడి నేలలో వరుసగా రంధ్రాలు చేసి ఒక్కొక్క గింజ వేసే ఈ పద్ధతికి జీరో టిల్లేజ్ అనే పేరు పల్లెల్లో కూడా వాడుకలోకి వచ్చింది. అయితే సముద్రానికి ఆనుకొని ఉప్పు పైకి తేలే నేలల్లో దీనికి పెద్దగా చోటు లేదు. ఉప్పును ఓర్చుకోవడంలో మొక్కజొన్న వరికన్నా బలహీనమైనది.

ఈ మార్పును క్వింటాలు ధరతోనో, కాలువ నీటి లెక్కతోనో బేరీజు వేయడం మామూలు. శరీరం వైపు నుంచి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. మాగాణిలో ఒక పప్పుధాన్యం తప్పుకొని దాని చోటులోకి ఒక తృణధాన్యం వచ్చింది; ఈ రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు, ఒకదాని లోటును ఒకటి పూడ్చే జంట. మొక్కజొన్న ఎంత బలమైన ఆహారం, అందులో ఎంత ఒంటపడుతుంది అనే ప్రశ్నకు సమాధానం దాని గింజలో సగమే దొరుకుతుంది, మిగతా సగం దాని పక్కన ఏమి తింటున్నారనే దానిలో ఉంటుంది.

గింజ నిర్మాణంతో మొదలుపెట్టడం మంచిది. పైన కనిపించే మెరిసే పొర ఫలకవచం, అంటే పొట్టు. అది గింజ బరువులో 5, 6 శాతం మాత్రమే అయినా జీర్ణానికి సంబంధించిన తగాదాలన్నీ దానితోనే. లోపల 80 శాతానికి పైగా ఉండేది అంకురచ్ఛదం, అంటే మొలకెత్తే మొక్కకు తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట వంటి పిండి భాగం. కింది కొన దగ్గర, చిన్న నాలుక ఆకారంలో ఉండేది బీజం. బరువులో పదోవంతుకు కాస్త ఎక్కువ మాత్రమే ఉన్నా గింజలోని నూనెలో అత్యధిక భాగం అక్కడే ఉంటుంది, నాణ్యమైన మాంసకృత్తులు కూడా అక్కడే ఉంటాయి. రవ్వ, పిండి ఎక్కువకాలం నిలవ ఉండాలని మిల్లుల్లో బీజాన్ని తీసివేస్తారు. దానివల్ల పిండి ముక్కిపోదు గాని పోషకాల్లో మేలైన వాటా దాణాకూ నూనె గానుగకూ వెళ్లిపోతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు మొక్కజొన్నలో సుమారు 9 గ్రాముల మాంసకృత్తులు, 65 గ్రాముల పిండిపదార్థం, 4 గ్రాములకు కొంచెం తక్కువ కొవ్వు, 12 గ్రాముల పీచు ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు, కొవ్వు అర గ్రాము. ఈ వరుసలో మొక్కజొన్నదే పైచేయి, ఇనుములోనూ అది బియ్యాన్ని మించుతుంది. కాల్షియం విషయంలో మాత్రం అది నిరుపేద. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా ఉంటే ఇందులో 10 మిల్లీగ్రాములైనా ఉండదు. మొక్కజొన్న తింటే ఎముకలకు బలమని చెప్పే మాటలకు ఈ అంకె ఒక్కటే జవాబు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ ఇందులో లేకపోవడంవల్ల, ఆ పదార్థం సరిపడక పేగుల లోపలి పొర దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఇది నిర్భయంగా తినదగిన ధాన్యం.

తిన్న గింజలు తిన్నట్టే మలంలో కనిపించడం చాలామందికి, ముఖ్యంగా చిన్నపిల్లల తల్లులకు, ఆందోళన కలిగించే విషయం. దీనివల్ల మొక్కజొన్న అసలు అరగదనే అభిప్రాయం స్థిరపడింది గాని అది సగమే నిజం. పొట్టు సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ అనే పీచు పదార్థాలతో అల్లిన గట్టి వల. ఆ అల్లికను విడగొట్టే ఎంజైము, అంటే జీర్ణరసాల్లో ఉండి ఆహారాన్ని ముక్కలుగా కోసే పదార్థం, మనిషి పేగుల్లో తయారు కాదు. పంటి కింద పగిలిన గింజలోని పిండి లాలాజలానికీ క్లోమరసానికీ అందుతుంది, అది చాలావరకు రక్తంలో చేరుతుంది; బయటికి వచ్చేది తరచుగా పసుపు రంగు మాసిపోని ఖాళీ పొట్టు మాత్రమే. నమలకుండా మింగిన గింజ సంగతి వేరు; దానికి తలుపు తెరుచుకోదు కాబట్టి లోపలి సరుకుతో సహా బయటికి పోతుంది. పొట్టులో కొంత భాగాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి, పేగు గోడలకు ఇంధనంగా పనికివచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. కడుపు ఉబ్బరం అనిపించడం ఆ పని జరుగుతున్నదనడానికి గుర్తు. పళ్లు రాని పసివారికీ, పళ్లు లేని వృద్ధులకూ పొత్తు కన్నా జావ మేలు.

కోడికి పళ్లు లేవు, కాని కందనకాయ ఉంది. మింగిన ఇసుక రేణువుల సాయంతో గింజను నలగ్గొట్టే ఆ కండర సంచీ మనిషి దవడ చేసే పనిని పొట్టలో చేస్తుంది. గేదెకు అంతకుమించిన ఏర్పాటు ఉంది. దాని పెద్దపొట్టలో కాపురముండే కోట్లాది సూక్ష్మజీవులు సెల్యులోజును కూడా విడగొడతాయి కాబట్టి, మనిషికి గింజ తప్ప పనికిరాని మొక్క గేదెకు ఆకూ కాండమూ సహా మేత అవుతుంది. గుడివాడ అవతల నందివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు దాకా పరచుకున్న చెరువుల్లోని బొచ్చె, రోహు చేపలకు అసలు జీర్ణకోశమే ఉండదు, ఆహారం నేరుగా పేగుల్లోకి పోతుంది. వాటికి ప్రధానంగా నూనె తీసిన తవుడు పెడతారు, మొక్కజొన్న పిండి వాడితే ఆవిరితో ఉడికించి గుళికలుగా చేసి వేయడం లాభం. ఒకే గింజ నాలుగు రకాల కడుపుల్లో నాలుగు విలువలు పొందుతుంది. ఎవరి కడుపులో అని అడగకుండా ఒక ధాన్యం తేలికగా అరుగుతుందనీ, అరగదనీ తీర్పు చెప్పడం కుదరదు.

పిండిపదార్థం సంగతి వంటతో ముడిపడి ఉంది. పచ్చి పిండి రేణువులు గట్టిగా చుట్టిన దారపు ఉండల వంటివి. నీటిలో 60 డిగ్రీలు దాటి వేడి తగిలితే అవి ఉబ్బి, విప్పుకొని, జీర్ణరసాలకు లొంగుతాయి. ఉడికిన రవ్వ చల్లారితే కొంత పిండి మళ్లీ ముడుచుకొని చిన్నపేగులో అరగకుండా మిగిలిపోతుంది, అది పీచు చేసే పనే చేస్తుంది. తిన్న తరువాత రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో గ్లూకోజుతో పోల్చి చెప్పే అంకెను గ్లైసీమిక్ సూచిక అంటారు. గ్లూకోజుకు 100 అనుకుంటే తెల్లన్నానికి దాదాపు 73, ఉడికించిన తీపి మొక్కజొన్నకు 52, కార్న్ ఫ్లేక్స్‌కు 81. పొత్తును ఉడికించి తినడానికీ, మొక్కజొన్న గింజను నూరి, ఉడికించి, రేకులుగా అదిమి, కాల్చి డబ్బాలో పెట్టిన దానిని తినడానికీ ఎంత తేడా ఉందో ఈ మూడు అంకెలే చెబుతాయి. మధుమేహం ఉన్నవారికి డబ్బా మీది ఆరోగ్య వాక్యాలకన్నా ఇవి ఎక్కువ ఉపయోగం.

లేత పొత్తుకూ ముదురు గింజకూ కూడా ఒకే కొలత సరిపోదు. పాలగింజ దశలో నీరు మూడొంతుల దాకా ఉంటుంది, తీపి ఎక్కువ, పొట్టు పలుచన. గింజ ముదిరేకొద్దీ చక్కెర పిండిగా మారుతుంది. స్వీట్ కార్న్ అనే పేరుతో సినిమా హాళ్ల దగ్గర కప్పుల్లో అమ్మేది వేరే రకం. దానిలో చక్కెర పిండిగా మారే దారికి జన్యువు ఒకటి అడ్డుపడుతుంది, అందువల్ల ఆ తీపి. మాగాణిలో పండేది గట్టి గింజ రకం, ప్రధానంగా దాణాకూ స్టార్చ్ పరిశ్రమకూ ఇటీవల ఇథనాలుకూ వెళ్లే సరుకు.

ఇక మాంసకృత్తుల విషయం. ఆహారంలోని మాంసకృత్తును శరీరం ముందుగా అమైనో ఆమ్లాలుగా విడగొట్టుకొని, వాటితో తన సొంత మాంసకృత్తులను అల్లుకుంటుంది. ఈ అల్లిక కదంబ మాల కట్టడం లాంటిది: మల్లెలు బుట్టెడు ఉన్నా, ప్రతి మూరకూ ఇన్ని అని లెక్క ఉన్న కనకాంబరాలు అయిపోతే మాల అక్కడితో ఆగిపోతుంది, మిగిలిన మల్లెలు ఆ మాలకు పనికిరావు. మొక్కజొన్నలో ముందుగా అయిపోయే కనకాంబరం లైసిన్ అనే అమైనో ఆమ్లం, దాని తరువాతది ట్రిప్టోఫాన్. అంకురచ్ఛదంలోని మాంసకృత్తుల్లో పెద్ద వాటా జెయిన్ అనే రకానిది కావడం, జెయిన్‌లో ఈ రెండూ లేనట్టే ఉండడం దీనికి మూలం. పెద్దవారి అవసరానికి 100 గ్రాముల మాంసకృత్తులో 4.5 గ్రాముల లైసిన్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రచురించిన ప్రమాణం చెబుతుంది. మొక్కజొన్నలో ఉండేది సుమారు 2.7 గ్రాములు. ఆ మాంసకృత్తు అరగదని కాదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల్లో దాని జీర్ణ శాతం 85, పాలిష్ బియ్యానిది 88, కోడిగుడ్డుది 97; అంటే అరుగుదలలో బియ్యానికి చాలా దగ్గరే ఉంది. అరిగిన తరువాత శరీరం వాడుకోలేకపోవడమే అసలు నష్టం. అరగడం, ఒంటపట్టడం అని తెలుగు ఈ రెండింటినీ వేర్వేరు మాటలతో చెప్పడం ఊరికే కాదు.

ఇదే లెక్కను మాగాణి గట్టు మీద నిలబడి వేస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఎకరాకు 5 క్వింటాళ్ల మినుము పండిందనుకుంటే, పప్పులో 23 శాతం చొప్పున దాదాపు 115 కిలోల మాంసకృత్తు వస్తుంది. అదే ఎకరంలో 30 క్వింటాళ్ల మొక్కజొన్న పండితే 9 శాతం చొప్పున 270 కిలోలు. రెట్టింపుకు మించిన లాభం. కాని మినుము మాంసకృత్తులో లైసిన్ 6.5 శాతం దాకా ఉంటుంది కాబట్టి, లైసిన్ వరకే కొలిస్తే మినుము ఎకరం దాదాపు 7.5 కిలోలు, మొక్కజొన్న ఎకరం 7.3 కిలోలు ఇస్తాయి. ఆరు రెట్ల బరువు, సంచులు, లారీలు, దాని వెంట ఎరువులు, తడులు. ఇన్నీ పెట్టినా కనకాంబరాల బుట్ట మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది. మినుము తన నత్రజనిని వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల చేత గాలి నుంచే రప్పించుకుంటుందనేది ఈ లెక్కలో చేర్చని మరో సంగతి. ఇందువల్ల రైతు తప్పు చేశాడని అనడానికి వీల్లేదు. మార్కెట్ యార్డులో కాటా బరువును తూస్తుంది గాని అమైనో ఆమ్లాలను తూయదు.

అమైనో ఆమ్లాలను తూచే చోటు ఒకటుంది, అది కోళ్ల దాణా కర్మాగారం. దాణాలో సగానికి పైగా మొక్కజొన్న ఉంటుంది, కిలోకు 3300 కిలోకాలరీల దాకా వాడుకోదగిన శక్తిని కోడికి ఇచ్చే ధాన్యం ఇంకొకటి లేదు. అయినా దాణా తయారుచేసేవారు మొక్కజొన్నను ఒంటరిగా నమ్మరు. సోయా తెలకపిండి కలుపుతారు, లోటు ఇంకా మిగిలితే పొడి రూపంలో లైసిన్‌ను గ్రాముల లెక్కన చేరుస్తారు. గింజలోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటిక్ ఆమ్లంగా బిగుసుకొని ఉంటుంది, దానిని విడిపించడానికి ఫైటేజ్ అనే ఎంజైమును కూడా కలుపుతారు. పసుపు గింజలోని ల్యూటిన్, జియాజాంతిన్ అనే రంగు పదార్థాలు గుడ్డులో సొనకు రంగు ఇస్తాయి. ఇంత కొలిచి తయారుచేసిన తిండి తిన్న కోడి పెట్టిన గుడ్డులో, మొక్కజొన్నకు లేని లైసిన్ నిండుగా ఉంటుంది. డెల్టా కుటుంబాలు మాగాణి మొక్కజొన్నను తినే ప్రధాన మార్గం ఇదే, పళ్లెంలో అది గుడ్డుగానో కోడికూరగానో కనిపిస్తుంది. కోడి విషయంలో చూపే ఈ శ్రద్ధ మనిషి పళ్లెం విషయంలో ఏ శాఖా చూపలేదనుకోవడం అన్యాయమేమీ కాదు.

మొక్కజొన్నను ఒంటరిగా నమ్మిన సమాజాలకు ఏమి జరిగిందో చరిత్రలో నమోదై ఉంది. అమెరికా ఖండం నుంచి ఐరోపాకు చేరిన ఈ పంట పేదల ఏకైక ఆహారంగా మారిన చోటల్లా ఒక వింత వ్యాధి మొదలైంది: ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు లేస్తుంది, మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ కడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరికి మతి చలిస్తుంది. స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో దీనిని గుర్తించి వర్ణించాడు. 1771లో ఇటలీకి చెందిన ఫ్రపోలి దానిని గరుకు చర్మమనే అర్థం వచ్చే పెలాగ్రా అనే మాటతో పిలిచాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ వ్యాధి వేలమందిని బలి తీసుకుంటున్నప్పుడు, అది అంటువ్యాధి కాదనీ తిండిలోని లోటేననీ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 తరువాత చేసిన పరిశోధనల్లో నిరూపించాడు. ఆ లోటు నయాసిన్ అనే బి విటమినుదని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ పని వల్ల తేలింది.

తమాషా ఏమిటంటే, కాగితం మీద చూస్తే మొక్కజొన్నలో నయాసిన్ పాలిష్ బియ్యంలో కన్నా తక్కువేమీ కాదు. కాని అది పిండి, పీచు అణువులకు అతుక్కొని ఉండి పేగులకు అందదు. ట్రిప్టోఫాన్ నుంచి శరీరమే నయాసిన్ తయారు చేసుకోగలదు గాని, 60 మిల్లీగ్రాముల నుంచి 1 మిల్లీగ్రాము లెక్కన, ఆ ట్రిప్టోఫాన్ కూడా ఇందులో తక్కువే. వేల ఏళ్లుగా ఇదే గింజను తిన్న మెక్సికో ప్రజలకు పెలాగ్రా ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు వారి వంటింట్లో ఉంది. వారు గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు రుద్ది కడిగి, ఆ తరువాత నూరి రొట్టెలు చేస్తారు. క్షారం తగిలి పొట్టు వదులవుతుంది, అతుక్కున్న నయాసిన్ విడుదలవుతుంది, గింజలో కరువైన కాల్షియం సున్నం నుంచి వచ్చి చేరుతుంది. ఐరోపావారు విత్తనం తీసుకెళ్లారు, వంట తీసుకెళ్లలేదు. తమలపాకుకు సున్నం రాసుకోవడం తెలిసిన తెలుగు దేశానికి కూడా ఈ వంట చేరలేదు. మొక్కజొన్న ఇక్కడ జొన్న పేరునే తనకు తోకగా తగిలించుకొని, జొన్న వండే పద్ధతుల్లోనే ఇమిడిపోయింది. తాంబూలపు సున్నంతో ఇంట్లో ప్రయోగాలు చేయడం మాత్రం తగదు, వంటకు వాడే సున్నానికి శుద్ధి, పాళ్లు వేరు.

ఆ జొన్నే తెలంగాణలో ఇదే వ్యాధికి కారణమైంది. కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పిలవబడుతున్న పరిశోధనశాలకు ఆ రోజుల్లో పెలాగ్రా రోగులు పుస్తకాల్లోని వింతగా కాక చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే పేద కూలీలుగా ఎదురయ్యారు. వారు మొక్కజొన్న కాక జొన్న తినేవారు. జొన్నలోని నయాసిన్ మొక్కజొన్నలో లాగా అంత గట్టిగా బిగుసుకొని ఉండదు, మరి కారణమేమిటి? రెండింటిలోనూ ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం, నయాసిన్ తయారీని అడ్డుకుంటుందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఆ వాదం మీద తరువాత చాలా చర్చ జరిగింది, అందరూ అంగీకరించలేదు; అయినా ఒక అమైనో ఆమ్లం లోటే కాదు, మరొకదాని మితిమీరిన పాలు కూడా చేటు చేయగలదనే ఆలోచనకు అది బలమిచ్చింది. పేదల పళ్లెంలో జొన్న తగ్గి బియ్యం పెరిగాక ఆ రోగులు అరుదైపోయారు. గుడివాడకు దగ్గరలోని నిమ్మకూరులో పుట్టి, 1983లో గుడివాడ నుంచి కూడా శాసనసభకు గెలిచిన ఎన్.టి. రామారావు తెచ్చిన కిలో 2 రూపాయల బియ్యం ఆ మార్పును వేగవంతం చేసిన వాటిలో ఒకటి. వరి గడ్డ నుంచి ఎన్నికైన నాయకుడి పథకం వల్ల జొన్న గడ్డ మీది చర్మవ్యాధి తగ్గుముఖం పట్టడం, పోషకాహార చరిత్రలో పెద్దగా ఎవరూ చెప్పుకోని ముచ్చట.

డెల్టా వంటిల్లు మెక్సికో దారిని తొక్కనవసరం లేదు, దానికి తనదైన పరికరం ఉంది: మినప రుబ్బు. మొక్కజొన్నకు లేని లైసిన్ మినుములో పుష్కలం; మినుముకు తక్కువైన మిథియోనిన్ అనే గంధకపు అమైనో ఆమ్లం మొక్కజొన్నలో చాలినంత ఉంది. 75 గ్రాముల మొక్కజొన్న రవ్వకు 25 గ్రాముల మినపపప్పు కలిపితే మొత్తం మాంసకృత్తు సుమారు 12.5 గ్రాములు, అందులో లైసిన్ 0.56 గ్రాము, అంటే 100కి దాదాపు 4.5, సరిగ్గా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం దగ్గరికి వస్తుంది. రవ్వ మూడు వంతులు, పప్పు ఒక వంతు అన్నది దోసె పిండికి బొత్తిగా కొత్త కొలతేమీ కాదు. బియ్యానికీ లైసిన్ లోటు ఉంది, మొక్కజొన్నంత కాకపోయినా. బియ్యమూ మినుమూ కలిపి రుబ్బిన తరాలవారు ఆ లోటును పేరు తెలియకుండానే పూడ్చారు. మొక్కజొన్న గారెల్లో కూడా చాలా ఇళ్లలో గుప్పెడు పప్పు పడుతుంది, గారె విరగకుండా ఉండడానికని చెబుతారు గాని అది కట్టిపడేసేది పిండిని మాత్రమే కాదు.

రుబ్బిన పిండిని రాత్రి పులియబెట్టడంలో మరో లాభముంది. ఫైటిక్ ఆమ్లం ఇనుమును, జింకును గట్టిగా పట్టుకొని పేగు గోడను దాటనివ్వదు. నానబెట్టినప్పుడు గింజలోని ఎంజైములు, పులిసేటప్పుడు సూక్ష్మజీవులు ఆ పట్టును కొంత సడలిస్తాయి. మంగినపూడి తీరంలో బొగ్గుల మీద కాల్చిన పొత్తుకు కారం, ఉప్పు అద్దిన నిమ్మచెక్క రుద్ది ఇవ్వడం రుచి కోసమే కావచ్చు, కాని నిమ్మరసంలోని విటమిన్ సి ఇనుము ఒంటపట్టడానికి తోడ్పడుతుంది. పొత్తు తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు చాలావరకు పోతుంది.

ఈ జతకట్టే సూత్రం మీదనే 1960ల మధ్యలో అమెరికా ఆహార సహాయం కింద మొక్కజొన్న, సోయా, పాలపొడి కలిపి ముందే ఉడికించిన పిండిని తయారుచేసి పంపారు. కేర్ అనే సహాయ సంస్థ ద్వారా అది భారతదేశంలో పిల్లల ఆహార పథకాలకు చేరింది. మినుము చేయగల పనిని అక్కడ సోయా చేసింది. మరో దారి మొక్కజొన్ననే మార్చడం. లైసిన్ దాదాపు రెట్టింపు ఉండే ఒపేక్-2 అనే జన్యు మార్పును అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1964లో ప్రకటించారు. ఆ గింజ మెత్తబడి పురుగుకు లోకువైపోతే, మెక్సికోలోని అంతర్జాతీయ కేంద్రంలో సురీందర్ వాసల్, ఎవంజెలీనా విల్లెగాస్ ఏళ్ల తరబడి పనిచేసి గట్టి గింజలో ఆ గుణాన్ని నిలబెట్టారు, అందుకు 2000లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. భారతదేశంలోనూ అలాంటి సంకరాలు విడుదలయ్యాయి. కాని పక్క చేను పుప్పొడి పడితే గింజలో ఆ గుణం పోతుంది, కాటా దగ్గర దానికి పైసా ఎక్కువ రాదు. దాణా కర్మాగారానికి లైసిన్ పొడి కొనుక్కోవడమే సులువు. మాగాణిలో ఆ రకాలు వేరూనకపోవడంలో ఆశ్చర్యం లేదు. దివిసీమకు దగ్గరలోని ఘంటసాల పరిశోధన కేంద్రం తెగుళ్లకు తట్టుకునే మినుము మీద చేస్తున్న పని, ఈ ప్రాంతపు పళ్లెం విషయంలో, కొత్త మొక్కజొన్న కన్నా ఎక్కువ ఆశ కలిగించేది.

పోషకాల లెక్క అంతా గింజ శుభ్రంగా ఉన్నప్పుడే. మాగాణి మొక్కజొన్న కోతకు వచ్చేది వేసవి మొదట్లో, అకాల వర్షాలు పడే రోజుల్లో. కళ్లంలోనూ రోడ్ల వెంటా పరచిన గింజ ఒక్క వానకు తడిసి, టార్పాలిన్ కింద ఉక్కపోస్తే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆకుపచ్చ బూజు పడుతుంది, అది అఫ్లాటాక్సిన్ అనే కాలేయపు విషాన్ని తయారుచేస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని దాదాపు 400 మంది కామెర్ల వ్యాధికి గురికాగా వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘటనను పరిశోధించింది హైదరాబాదు సంస్థ శాస్త్రవేత్తలే. దేశంలో ధాన్యాలకు అనుమతించిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు, అంటే కంటికి, నాలుకకు తెలియని కొలత. వంట వేడికి ఈ విషం పోదు, బూజు దులిపినా పోదు; రంగు మారిన గింజను కోళ్లకు వేసినా వాటి కాలేయం దెబ్బతింటుంది. తేమ 14 శాతం దాటకుండా ఎండితేనే కొనుగోలు కేంద్రంలో గింజను తీసుకుంటారు. యంత్రం లేని చోట రైతు గింజను పళ్ల మధ్య పెట్టి కొరుకుతాడు. అది మెత్తగా నలిగితే ఇంకో రెండెండలు కావాలని, టక్కున పగిలితే సంచులకు ఎత్తవచ్చునని లెక్క.